ఇంటిపేరు - ఇల్లు: పూర్వుల దేశమునకు మరలివచ్చినవారి కథలపై ఒక విమర్శ

ఆధునికాంధ్ర వచన సాహిత్యమున దేశాంతరగమనమును గూర్చిన రచనలు తగినన్ని కలవు. ఓడ యెక్కి పోయినవారు, పోయి మరలనివారు, పోయి ధనికులైనవారు, వారికై రేవున ఎదురుచూచినవారు మన కథలయందును జానపద గేయములయందును కాన్పింతురు. కాని దేశాంతరమున పుట్టి పెరిగి, తాతముత్తాతలు విడిచిన సీమకు బ్రతుకుతెరువు వెదకికొనుచు వచ్చినవానిని గూర్చిన విచారణ మన విమర్శలో స్వల్పము. అట్టి కథ యేదేని కంటబడినచో దానిని మాతృభూమి ప్రేమను దెలుపు రచనగా లెక్కించి ఊరకుండుట మన కలవాటు. ఈ లెక్క సరికాదని చూపుటయే ఈ వ్యాసమున కుద్దేశము. పూర్వుల దేశమునకు వచ్చినవాని కథలో ప్రధానమైనది భూమి కాదు. కొలువును, అద్దె యిల్లును. ఆ రెండింటిని వెదకు సమయముననే అతడెవరో, ఆ దేశ మతని కేమగునో తేటపడును.

ముందుగా ఇరువురిని వేరుచేసి చూడవలెను. పోయినవాడే తిరిగివచ్చుట యొకటి; పోయినవాని సంతానము వచ్చుట మరియొకటి. మొదటిదానికి మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మంచి నిదర్శనము. దీని ప్రథమ భాగము 1924లో వెలువడినది. పశ్చిమ గోదావరి తీరమందలి మొగల్తూరునుండి బయలుదేరిన పార్వతీశమునకు పరదేశమున తిండి, బట్ట, బస అన్నియు చిక్కులే. ఆ చిక్కులే హాస్యరసమునకు సామగ్రి. అయినను అతడు స్వదేశమునకు మరలినప్పుడు ఆ జాతి చిక్కు లేదు. అతని తండ్రి యెవరో, ఇల్లేదో ఊరివారికి తెలియును. వేషము మారినందుకు నవ్వుదురు గాని, 'నీవెవడవు?' అని యడుగరు. రెండవ తెగవాని స్థితి దీనికి తలక్రిందులు. వానికి తెలుగుదేశము కథలలో విన్నది. తెలుగుదేశమునకు వాడు విననివాడు. పార్వతీశము ఎడింబరోలో పడిన తికమక యంతయు వీనికి ఏలూరు బజారులో సంభవించును. అక్కడ నవ్వు పుట్టించినది ఇక్కడ నవ్వు పుట్టింపదు. పరదేశమున పరాయివాడగుట సహజము, పూర్వుల యూరిలో పరాయివాడగుట సహజము కాదు గనుక.

ఈ రెండవ తెగవారు కల్పితులు కారు. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి మనవారు బర్మాకు పోయిరి. వారిలో పలువురు భూమిలేని కూలి కుటుంబములవారు. రంగూను రేవులోని మూటలు మోయుటయు, బియ్యపు మిల్లులలో పనిచేయుటయు వారి జీవనోపాయములు. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనములో సగమునకు మించినవారు భారతీయులు. అచ్చట వారిని పరాయివారని తరిమిన కారణమును కొలువే: 1930 మే మాసమున ఆ నగరమున చెలరేగిన కలహము తెలుగు రేవుకూలీలకును వారి స్థానమున పనిలోనికి తీసికొనబడిన బర్మీయులకును నడుమ పుట్టినది. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతపాలననుండి వేరుపడినది. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. అటుపిమ్మట కొలది మాసములలో నాలుగైదు లక్షల భారతీయులు ఓడలమీదను, అడవిదారుల కాలినడకను వెడలివచ్చిరి. దారిలో చనిపోయినవారు వేలకు వేలు. 1962లో బర్మాలో సైనికపాలన యేర్పడి, 1964లో అంగళ్లు జాతీయము కాగా, పెద్దనోట్లు చెల్లకపోగా, మరల లక్షకు పైబడినవారు చేతిసంచులతో వచ్చిరి. వీరిలో బర్మాలోనే పుట్టినవారు తక్కువవారు కారు. వారికి ఇది తిరిగివచ్చుట కాదు, మొదటిసారి వచ్చుట. అట్లు తరలివచ్చినవారికొరకు కేంద్రప్రభుత్వము 1969లో మద్రాసున ఒక సహకార బ్యాంకును నెలకొల్పవలసివచ్చినదనిన, వారి సమస్య కన్నీటితో తీరునది కాదనియు, అప్పుతోడను పనితోడను ఇంటితోడను ముడిపడినదనియు స్పష్టము.

ఇక్కడ పేర్ల విషయమున ఒక విశేషము గలదు. బర్మాలో తెలుగువానిని 'కోరంగీ' అనెడివారు. కాకినాడ చెంతనున్న కోరంగి రేవునుబట్టి వచ్చిన పేరది. వాడుకలో చులకనగా మారినది. వారు ఇచ్చటికి వచ్చి నివసించిన పేటకు విశాఖపట్టణమున 'బర్మా క్యాంపు' అని పేరు. అచ్చట ఇచ్చటి రేవు పేరు, ఇచ్చట అచ్చటి దేశపు పేరు. ఏ యూర నున్నను వేరొక యూరి పేరుతో పిలువబడుట వీరి స్థితికి చక్కని లక్షణము. ఒక గొప్ప నవలకు చాలిన బీజము ఈ రెండు మాటలలో నున్నది.

పేరు ప్రసక్తమైనది గనుక ఇంటిపేరును గూర్చి కొంత విచారింతము. తెలుగువారి యింటిపేళ్లలో గ్రామనామములు హెచ్చు. ఆ గ్రామనామము ప్రథమావిభక్తిలో నుండదు. ఔపవిభక్తిక రూపమున నుండును. ఏలూరు 'ఏలూరి' యగును. దెందులూరు 'దెందులూరి' యగును. తాడేపల్లిగూడెమునకు పొరుగుననున్న పెంటపాడు వంటి పేరు 'పెంటపాటి' యగును. ఏరు 'ఏటి' యైనట్లే కొల్లేరు 'కొల్లేటి' యగును. 'ఇంటిపేరు' అను మాటలోని 'ఇంటి' సైతము ఇల్లు అను శబ్దమునకు ఔపవిభక్తిక రూపమే. ఈ రూపము షష్ఠ్యర్థమును, అనగా సంబంధమును తెలుపును. మనిషి ఊరు విడిచిన తరువాత సైతము, మూడు తరములు గడచిన తరువాత సైతము ఈ షష్ఠి చెదరదు. భూమి పోవును, ఇల్లు కూలును, భాష సగము మరపునకు వచ్చును. 'ఆ యూరి' అను సంబంధము మాత్రము పేరులో నిలిచియుండును. కావున పరదేశమున పుట్టిన మనుమడు ఇంటిపేరును పత్రమువలె దాచుకొని వచ్చును. తన పేరులోనే ఇల్లున్నదని అతని నమ్మకము.

కాని ఆ నమ్మకము గుమ్మముకడ భంగపడును. ఏలూరు పవరుపేటలోనైనను, తాడేపల్లిగూడెమునందైనను వాటా అద్దె కడుగబోయినవానిని ఇంటివారు మర్యాదగనే పలుకరింతురు. గోదావరి సీమ మర్యాద ప్రసిద్ధమైనది. ప్రతి వాక్యము చివరను 'అండి' యుండును. 'ఎంతమందండి? ఏం ఉద్యోగమండి?' అను ప్రశ్నలు ముగిసిన పిదప 'మీ యింటిపేరేమిటండి?' అను ప్రశ్న వచ్చును. వచ్చినవాడు సంతోషముతో చెప్పును. వాని దృష్టిలో అది తన యూరిని తెలుపు మాట. అడిగినవారి దృష్టిలో అది కులము తెలిసికొను ఉపాయము. ఒకే యింటిపేరు పలు కులములయందుండుట మనమెరిగినదే. అందుచేత 'ఏ ఊరివారండి? అక్కడ మీవాళ్లెవరండి?' అను ప్రశ్నలు వెంట వచ్చును. వీనికి ప్రత్యుత్తరము లేనివానికి వాటా ఖాళీ లేదు. 'నిన్ననే మాట ఇచ్చేశామండి' అందురు. ఇంటిని తెచ్చి ఇచ్చునని నమ్మిన పేరే ఇంటి తలుపు మూసినది.

ఈ పరదేశ తెలుగువాని కథకు ఆయువుపట్టు ఇదియే యని నా యభిప్రాయము. ఇంకొక చమత్కారమును గమనింపవలెను. తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నెలకొన్నప్పటినుండి ఇతర రాష్ట్రములవారు చదువునకును కొలువునకును ఆ యూరికి వచ్చుచున్నారు. తెలుగు రాని వానిని ఇంటివారు ఇన్ని ప్రశ్న లడుగలేరు. అడిగినను ప్రత్యుత్తరమునుండి వారికి తేలున దల్పము. తెలుగు వచ్చినవానిని మాత్రమే తరచి తరచి యడుగుదురు. అనగా భాష మొదట తలుపు తెరచును, ఆపైన విచారణకు కూర్చుండబెట్టును. భాషాభిమానమును మాత్రమే కీర్తించు రచయితకు ఈ రెండవ సంగతి కాన్పింపదు.

కొలువు విషయమున శాసనమే ఒక ప్రశ్న యడుగును. రాజ్యాంగములోని 371-డి అధికరణము ననుసరించి 1975లో రాష్ట్రపతి యిచ్చిన ఉత్తరువు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగములలో 'స్థానికుడు' అను మాటకు నిర్వచనము చేసినది. మెట్రిక్యులేషను పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ ప్రాంతమున చదివియుండుటయో, చదువు లేనిచో నివసించియుండుటయో దానికి ఆధారము. తాత పుట్టిన యూరు ఆ లెక్కలోనికి రాదు. ఉత్తరువు ఉద్దేశము వేరు. ఇచ్చట నివసించువారి నడుమ న్యాయముగా కొలువులు పంచుట దాని పని. దానిని తప్పుపట్ట నక్కరలేదు. అయినను సాహిత్యవిద్యార్థి గమనింపవలసిన దేమనగా, శాసనమునకు స్థానికత చదువులో నున్నది, ఇంటివారికి స్థానికత కులములో నున్నది, వచ్చినవానికి స్థానికత ఇంటిపేరులో నున్నది. మూడును 'మీది ఏ ఊరు?' అను ఒకే వాక్యములో ఇమిడియున్నవి. 2005నుండి అమలులోనున్న విదేశీయ భారత పౌరసత్వపు కార్డు, భారతీయ సంతతివారికి ఇచ్చట నివసించుటకును ప్రైవేటు కొలువులు చేయుటకును వీలు కల్పించినది. కాని ఆ కార్డు గలవాడు ఇల్లు కొనవచ్చును, వ్యవసాయభూమి కొనరాదు. వరిచేలు, చేపలచెరువులు తప్ప వేరు ఆస్తి యెరుగని కొల్లేటి సీమనుండి పోయినవాని మనుమడు అచ్చట చేను కొనలేడు. తాత యూరిలో అతనికి దొరుకునది గోడలే గాని నేల కాదు.

ఇచ్చట ఒక ఆక్షేపణము రాగలదు. అద్దె, అడ్వాన్సు, సిఫారసు మొదలగునవి లోకవ్యవహారములే గాని కావ్యవస్తువులు కావని కొందరనవచ్చును. దీనికి సమాధానము తిక్కన సోమయాజి భారతముననే కలదు. విరాటపర్వ మెత్తుకొనగానే మనకు కనబడునది కొలువు వెదకుటయే. పాండవులు పేరు మార్చుకొని, ఒక్కొక్కరుగా విరాటుని సభకు వచ్చి తమ విద్యలు చెప్పుకొందురు. వారిలో పెక్కురు ధర్మరాజు కొలువులో పనిచేసితిమనియే చెప్పుదురు. పూర్వపు యజమాని పేరును పూచీగా చూపుట నేటి కొలువు వేటలో సైతము మారని పద్ధతి. వంటవాడనని వచ్చిన భీముని రూపము చూచి రాజు సందేహించుటయు స్వాభావికము. ద్రౌపదీ సుదేష్ణల సంభాషణము మరింత సూక్ష్మమైనది. సుదేష్ణ యామె నెవతెవని యడుగును. తన భర్త మనసు చలించునేమో యని శంకించును. ద్రౌపది యెంగిలి ముట్టననియు, కాళ్లు కడుగననియు నియమములు చెప్పును. ఇంట నొకరిని ఉంచుకొనుటలో గృహిణికి గల భయము, ఉండవచ్చినవారికి గల మానము, రెండును ఒక్క సన్నివేశమున నిలిచినవి. ఏలూరులోని ఇంటివారికిని ఇల్లడుగవచ్చినవానికిని నడుమ జరుగు మాటలకు ఇంతకు మించిన మూలము మనకు వేరొండు అక్కరలేదు.

తదుపరి పర్వముపేరే ఉద్యోగపర్వము. ప్రయత్నమను అర్థముగల ఆ సంస్కృతపదము తెలుగున కొలువునకు పేరైనది. ప్రవాసము ముగించి మరలినవారు అందు అడుగునదేమి? రాజ్యములో సగమునుండి దిగి, తుదకు అయిదూళ్లు. తాముండుటకు చోటు. అదియు లేదనిపించుకొందురు. భీమవరమునకు సమీపమున యెండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రియు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రియు జంటగా రచించిన పాండవోద్యోగవిజయములను ఈ సీమ ప్రజలు రాత్రులు మేలుకొని చూచిరి. ఆ రాయబార ఘట్టమున ప్రేక్షకు లుప్పొంగుటకు పద్యపాకము, రాగాలాపన మాత్రమే కారణము కావు. సొంతచోట చోటు లేదనిపించుకొనుటలోని అవమానము వారికి తెలియును. కావున చోటడుగుట కావ్యవస్తువే.

రసదృష్టితో చూచినచో మన కథకులు చేయు పొరపాటు మరింత విశదమగును. మరలివచ్చినవాని కథలలో సామాన్యముగా నేలయే ఆలంబనము. అతడు మట్టిని ముట్టును, కాలువనీరు త్రాగును, తాతగారి పాడుగోడను తాకి కంటతడి పెట్టును. నేల మారుమాటాడదు, పొమ్మనదు, రమ్మనదు. మారుమాటాడని దానిని ఆలంబనము చేసికొన్న భావము ఏకపక్షమై, పరిపుష్టి చెందక, ఉద్వేగముగనే మిగులును. ఇంటియజమాని, కొలువిచ్చువాడు, పొరుగువాడు మారుమాటాడుదురు. వారి మాటను బట్టి నాయకుని భావము ఆశనుండి శంకకు, శంకనుండి లజ్జకు, లజ్జనుండి కోపమునకో ఓర్పునకో నడచును. సంచారిభావముల నడక యచ్చటనే సాధ్యము. కావున అట్టి కథకు ఆలంబనము మనుష్యుడు కావలెను. నేల ఉద్దీపనముగ నుండవచ్చును.

ఇట్లనుటవలన ఇంటియజమానిని దుర్మార్గునిగా చిత్రింపవలెనని అర్థము కాదు. అదియు ఔచిత్యభంగమే. అతడు కూడ జీవితమంతయు కూడబెట్టి కట్టిన మూడుగదులలో ఒకటి రెంటిని పరులకిచ్చుచున్నాడు. అద్దె రానిచో ఎవరి నడుగవలెను, రచ్చ యైనచో ఎవరితో చెప్పుకొనవలెను అను చింత అతనికి కలదు. సుదేష్ణ శంక నిజమైనట్లే అతని శంకయు నిజమైనది. కాని ఆ శంక కులప్రశ్నగా రూపుదాల్చు క్షణమును దాటవేసినచో కథ అబద్ధమగును. భూమిలేక కులమునుబట్టి బాధలుపడి ఓడయెక్కిన తాతకు 'పూర్వుల భూమి' యెక్కడిది? వాని మనుమని చేత మట్టిని ముద్దాడించు రచయిత, ఆ తాత ఎందులకు పోయెనో మరచినవాడు. ఓడయెక్కించిన కారణము అద్దె యింటి గుమ్మమున మరల ఎదురగుట ఈ కథలోని విషాదము. దానిని దాచిన రచన యెంత మధురముగ నున్నను మన మెచ్చుకోలునకు తగదు.

కొల్లేటి సీమ ఈ వస్తువునకు మరియొక దృష్టాంతమును సమకూర్చుచున్నది. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లముననున్న ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి చేరును. ఉప్పుటేరు నీటిని సముద్రమునకు చేర్చును. లంకలలోని యూళ్లు నీటి పెరుగుదల తరుగుదలలతో బ్రతికినవి. ఇటీవలి దశాబ్దములలో సరస్సు గర్భము చేపలచెరువులైనది. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడికలో చేరినది. 2006లో ఆ హద్దులోని చెరువుగట్లను కొట్టివేసిరి. ఒకే చోటు ఒక తరమునకు నీరు, ఒక తరమునకు చేను, ఒక తరమునకు చెరువు, ఒక తరమునకు నిషిద్ధభూమి. అక్కినేని కుటుంబరావుగారి నవల 'కొల్లేటి జాడలు' ఆ లంకల జీవనమును, సరస్సు చెడిన విధమును హృదయమునకు తాకునట్లు చెప్పినది. పేరులోని 'కొల్లేటి' అను ఔపవిభక్తిక రూపము యాదృచ్ఛికమైనను సార్థకమైనది: సంబంధము మిగిలినది, సంబంధమునకు ఆధారమైనది మారినది. అయినను ఆ నవలలోని దుఃఖము ఆ యూరిని కన్నవాని దుఃఖము. అతనికి జ్ఞాపకము కలదు, చోటు పోయినది. పరదేశమున పుట్టినవానికి జ్ఞాపకమే లేదు, పేరు మాత్రము కలదు. ఈ రెండవ దుఃఖమును చెప్పు కొల్లేటి నవల యింకను రావలసియున్నది.

అది రాకపోవుటకు కారణమేమి? ప్రవాసాంధ్రులను మనము అతిథులుగా చూచుట కలవాటుపడితిమి. 1975లో హైదరాబాదునందును, 1981లో కౌలాలంపూరునందును, 1990లో మారిషస్‌నందును జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు దూరదేశముల తెలుగువారిని మనకు పరిచయము చేసినవి. అది గొప్ప మేలు. మారిషస్‌లో ఉగాది సెలవుదినమని విని సంతోషించితిమి. కాని అతిథి మూడుదినము లుండి పోవును. వానికి మనము దండవేయుదుము; వాని కులమడుగము, వానికి పూచీ యడుగము. తిథి చూడక వచ్చువాడు అతిథి. నెలనెల తిథి తప్పక అద్దె చెల్లింపవలసినవాడు అతిథి కాడు. మనకు అతిథుల సాహిత్యము, అనగా ఉపన్యాసములు, యాత్రాచరిత్రలు, అభినందనసంచికలు సమృద్ధిగ కలవు. అద్దెకుండువాని సాహిత్యము తక్కువ. ప్రవాసాంధ్రునిపట్ల మన ప్రేమకు పరీక్ష సభావేదిక కాదు, ఖాళీ వాటా.

పైవిచారణనుబట్టి ఇట్టి రచనలను పరిశీలించు పరిశోధకులకు మూడు ప్రమాణములు సూచింతును. మొదటిది, గుమ్మముకడ నాయకుని నడిగిన ప్రశ్నలను రచయిత యథాతథముగ వినిపించెనా, లేక దాటవేసెనా? రెండవది భాష. పరదేశమున పుట్టినవాని తెలుగు ఇంటి తెలుగు. అమ్మమ్మ మాటలు, వంటింటి మాటలు, బంధువుల పేళ్లు అందుండును. పోర్షను, టూలెట్టు, అడ్వాన్సు మొదలగు బజారు తెలుగు అందుండదు. అతనిచేత శుద్ధవ్యావహారికమునో, పత్రికాభాషనో పలికించిన రచన నమ్మదగదు. మూడవది, తాత వెడలిపోయిన కారణమునకును మనుమడు ఎదుర్కొన్న నిరాకరణమునకును నడుమ రచయిత ముడి వేసెనా లేదా?

మరియు పరిశోధకులు చేయదగిన పని యొకటి మిగిలియున్నది. 1964 ప్రాంతమున బర్మానుండి వచ్చిన కుటుంబములలో ఆనాటి పిల్లలు నేడు వృద్ధులు. మొదటి యద్దె యిల్లు ఎట్లు దొరికెను, మొదటి కొలువు ఎవరి మాటమీద వచ్చెను, ఇంటిపేరు చెప్పినప్పుడు ఎదుటివారి మొగమెట్లుండెను అను సంగతులు వారి నోట వినదగినవి. పుస్తకములలో లేని యీ సంగతులు వారితో పోవును. వానిని ఇప్పుడు సేకరించినచో రేపటి నవలాకారునకు ఆధారము, విమర్శకునకు కొలబద్ద లభించును.

ఇంటిపేరునకును ఇంటికిని నడుమ తరుగని దూరము గలదు. ఆ దూరమును దేశభక్తితో కప్పిపుచ్చక, ఒక్కొక్క గుమ్మమునొద్ద నిలిచి కొలిచి చెప్పినదే ఈ తెగ రచనలలో ఉత్తమమని నా నిశ్చయము. విజ్ఞులు విచారింతురు గాక.